పోనీలే అనుకోలేని పోనీలు

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. బడి నుంచి వచ్చి, గేటు గడియ పడిందో లేదో చూడకుండా లోపలికి పరిగెత్తాను. కాసేపటికి వంటింటి కిటికీలోంచి చూసిన అమ్మ “అయ్యో అయ్యో” అంటూ బయటికి పరుగు తీసింది. వెనకే నేనూ. మెంతికూర మడిలో ఒక గుర్రం. ముదురు గోధుమ రంగు ఒళ్ళు, నల్ల జూలు. తల దించుకుని, తొందరేమీ లేకుండా, ఒక వరస ముగించి రెండో వరసలోకి వస్తోంది. ఆ మెంతులు సౌతాంప్టన్ నుంచి తెచ్చి చల్లినవి. ఆ చలిదేశంలో అవి మొలకెత్తి జానెడు ఎత్తు లేచేదాకా అమ్మ రోజూ వంగి వంగి చూసుకునేది.

చేతిలో ఉన్న చపాతీల కర్ర ఎత్తింది కూడా. అప్పుడు కనపడింది గేటు బయట పిల్ల. కాళ్ళే ఎక్కువ, ఒళ్ళు తక్కువ. లోపలికి రావడానికి భయం, తల్లిని వదిలి పోవడానికీ భయం. అమ్మ చెయ్యి దించేసింది. “పిల్లతల్లి. పోనీలే, తిననీ” అంది.

ఆ ఊరు బ్రాకెన్‌హర్స్ట్. ఇంగ్లండు దక్షిణాన, న్యూ ఫారెస్ట్ నడిమధ్యన ఉంటుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన మా నాన్నకి సౌతాంప్టన్‌లో ఆసుపత్రి ఉద్యోగం. తోటి డాక్టరు ఒకాయన ఇల్లు అద్దెకిస్తానంటే 1980లో అక్కడికి చేరాం. స్టేషన్ నడిచే దూరం, రైలెక్కితే ఇరవై నిమిషాల్లో సౌతాంప్టన్. నేను యూనివర్సిటీకి వెళ్ళేదాకా, అంటే 1994 దాకా, నా లోకమంతా ఆ ఊరే. అక్కడ గుర్రాలు, పోనీలనే పొట్టి జాతివి, వీధిలో తిరుగుతాయి. మన ఊళ్ళలో ఆవులు తిరిగినట్టే తిరుగుతాయి. రోడ్డు మధ్య నిలబడతాయి, వానొస్తే కొట్ల చూరు కిందికి చేరతాయి, బస్సు హారన్ కొట్టినా కదలవు. గాడిదలు కూడా ఉంటాయి గానీ అది వేరే కథ.

మెంతికూర పోయిన మర్నాటి నుంచి అమ్మ అరటితొక్కలు, మిగిలిన చపాతీలు గేటు దగ్గర పెట్టడం మొదలెట్టింది. తెనాలి దగ్గర వాళ్ళ పుట్టింట్లో పొద్దున్నే వాకిట్లోకి వచ్చిన ఆవుకి ఏదో ఒకటి నోటికి అందించాకే మిగతా పనులు. నోరులేని జీవం గుమ్మంలోకి వస్తే ఒట్టి నోటితో పంపకూడదన్నది ఆమెకి ఒంట్లో ఇంకిన సంగతి. నాలుగు రోజుల్లో ఆ తల్లీపిల్లా నేను బడి నుంచి వచ్చే వేళకి గేటు దగ్గర కాచుకునుండేవి. నాకైతే పండగే.

వారం తిరక్కుండా ఒక సాయంత్రం ఎదురింటాయన వచ్చాడు. ఆయన నాకు బాగా తెలుసు. ఊళ్ళో ఇనప సామాన్ల కొట్లో కౌంటరు వెనక ఉండేవాడు. మేకులు తూకం వేసి కాగితం సంచీలో పోసి ఇచ్చేవాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గేటు అవతలే నిలబడి, ఆ గుర్రం నాది అన్నాడు.

మాకు నోట మాట రాలేదు. నాలుగేళ్ళుగా అవి అడవి గుర్రాలనే అనుకుంటున్నాం. మెడలో తాడు లేదు, కాళ్ళకి నాడాలు లేవు, వెంట కాపరి లేడు. ఆయన మమ్మల్ని రోడ్డు మీదికి తీసుకెళ్ళి చూపించాడు. గుర్రం ఎడమవైపు, వెంట్రుకల కింద లీలగా రెండు అక్షరాల వాత. అది వాళ్ళ నాన్న నాటి గుర్తట. తర్వాత తోక చూడమన్నాడు. తోక వెంట్రుకలు ఒకచోట మెట్టులా కత్తిరించి ఉన్నాయి. అంతకుముందు వందసార్లు చూశాను, చెట్టు కొమ్మకి తగులుకుని తెగిందనుకున్నాను. అది ఒక ఉద్యోగి పెట్టిన కత్తిరింపట. న్యూ ఫారెస్ట్‌లో పశువుల బాగోగులు చూడటానికి అజిస్టర్లని ఉంటారు. ఎవరి ప్రాంతానికి వాళ్ళదే కత్తిరింపు. తోక చూస్తే ఆ గుర్రం ఏ వైపుదో, ఆ ఏడాది మేత రుసుము కట్టారో లేదో తెలిసిపోతుంది.

అప్పుడు మెల్లగా అసలు సంగతి చెప్పాడు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదట. కడుపులోకి వెళ్ళింది పడకపోతే పైకి రాదు, లోపలే పొంగి, మెలిపెట్టి, ఒక్కోసారి ప్రాణం తీస్తుంది. గడ్డి, పొదల చిగుళ్ళు, చలికాలం గోర్స్ అనే ముళ్ళపొద తినే కడుపు అది. చపాతీ పిండికి అలవాటుపడింది కాదు. రెండోది, అంతకన్నా పెద్దది: గేటు దగ్గర తిండి దొరుకుతుందని తెలిసిన గుర్రం రోడ్డు వదలదు. చీకటిపడ్డాక కారు కింద పడేది అదే. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మావైపు చూడలేదు, పిల్ల వైపు చూస్తున్నాడు.

అమ్మ సిగ్గుపడిపోయింది. మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి ఒక స్ప్రింగు గడియతో. గేటు దానంతటదే మూసుకునే రకం. గడియ డబ్బులు తీసుకున్నాడు, బిగించినందుకు తీసుకోలేదు. ఆ తర్వాత అమ్మ ఎన్నడూ గుర్రానికి ఏమీ పెట్టలేదు. కానీ వాళ్ళింటికి మాత్రం ప్రతి సంక్రాంతికీ అరిసెలు వెళ్ళేవి.

నేనీ వ్యాసంలో చెప్పదలుచుకున్నదంతా ఆ సాయంత్రంలోనే ఉంది. వీధిలో గుర్రం, వీధిలో కొట్టు, రెండిటి వెనకా ఉన్నది ఒకే మనిషి. గుర్రాన్ని ప్రేమిస్తున్నామంటూ ఆ మనిషి బతుకుతెరువును పట్టించుకోకపోతే ఆ ప్రేమ గుర్రానికి చేరదు. ఈ మాట ఇప్పుడు గట్టిగా ఎందుకంటున్నానో చెబుతాను, ముందు ఆ ఏర్పాటు ఎలా నడుస్తుందో తెలియాలి.

న్యూ ఫారెస్ట్ అంటే కొత్త అడవి. పేరులోనే కొత్త, వయసు తొమ్మిదిన్నర శతాబ్దాలు. నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండును గెలుచుకున్న విలియం రాజు 1079లో తన వేట కోసం ఈ ప్రాంతాన్ని ప్రత్యేకించుకున్నాడు. రాజుగారి జింకలకి అడ్డం కాకుండా ఉండాలని జనం కంచెలు వేసుకోకూడదన్నారు. కంచె లేనప్పుడు పశువులు ఎక్కడ మేయాలి? అడవిలోనే. అలా మేపుకునే హక్కు ఊళ్ళవాళ్ళకి నిలిచింది. పశువులు మేపుకోవడం, చలికాలానికి పొయ్యి కట్టెలు తెచ్చుకోవడం, ఆకు రాలే కాలంలో పందుల్ని వదలడం, ఇలా కొన్ని హక్కులు. పందుల సంగతి నాకు భలే నచ్చుతుంది. ఓక్ చెట్ల నుంచి రాలే పచ్చికాయలు గుర్రాలకీ ఆవులకీ విషం, పందులకి విందు. వాటిని వదిలితే నేల శుభ్రం చేసిపెడతాయి.

ఈ హక్కులున్నవాళ్ళని కామనర్లు అంటారు. 1877లో వచ్చిన చట్టం ఆ హక్కుల్ని నిలబెట్టింది. వాటిని కాపాడటానికి వెర్డరర్లని ఒక పాలకవర్గం ఉంది. లిండ్‌హర్స్ట్‌లో ఇప్పటికీ కొలువు తీరుతుంది. ఇప్పుడు ఇంచుమించు 5000 గుర్రాలు ఆ నేల మీద మేస్తున్నాయి. ఒక్కటి కూడా అనాథ కాదు, ప్రతిదానికీ యజమాని ఉన్నాడు.

అసలు మెలిక ఇక్కడుంది. ఆ హక్కు మనిషిది కాదు, ఇంటిది. ఫలానా ఇంటికో, ఫలానా చెక్క భూమికో మేపుకునే హక్కు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ ఇల్లు ఎవరి చేతిలోకి వెళితే హక్కు వాళ్ళతో వెళుతుంది. వాడుకోవచ్చు, మూలన పడెయ్యచ్చు. గుర్రాలు మేపినందుకు గిట్టేది కూడా ఏమీ ఉండదు. బ్యూలీ రోడ్ దగ్గర సంతలో గుర్రప్పిల్లల్ని అమ్మితే వచ్చే డబ్బు మేపిన ఖర్చుకి కూడా చాలని ఏళ్ళెన్నో. అందుకని కామనర్‌కి ఇంకో పని ఉండి తీరాలి. వడ్రంగి, తాపీమేస్త్రీ, పోస్టుమాన్, కొట్లో గుమాస్తా. పగలంతా ఆ పని, పొద్దునా సాయంత్రం గుర్రాల వెంట. ఆ పని ఊళ్ళోనో పక్కూళ్ళోనో ఉండాలి, ఎందుకంటే ఏ క్షణంలోనైనా నీ గుర్రం బురదలో దిగబడిందనో, బండి గుద్దిందనో కబురొస్తే పరిగెత్తాలి.

అందుకే మా ఊరి కొట్ల వీధి గురించి చెప్పాలి. బ్రూక్లీ రోడ్డు. ఒక చివర వాగు రోడ్డు మీదుగానే పారుతుంది. కార్లు నీళ్ళు చిమ్ముకుంటూ దాటుతాయి, గుర్రాలు అక్కడే నిలబడి తాగుతాయి. నా చిన్నప్పుడు ఆ వీధిలో ఇంటికి కావలసినవన్నీ దొరికేవి. మాంసం కొట్టు, రొట్టెల కొట్టు, కూరగాయల కొట్టు, మందుల షాపు, పేపర్ల కొట్టు, ఇనప సామాన్ల కొట్టు. ఆదివారం అన్నీ మూతే. వారంలో ఇంకో రోజు మధ్యాహ్నం నుంచీ మూత. ఆ పూట వీధి మొత్తం గుర్రాలదే.

పేపర్ల కొట్లో అరల నిండా పెద్ద పెద్ద గాజుసీసాలు. పావు పౌండు నిమ్మబిళ్ళలు కావాలంటే కొట్టామె సీసా వంచి తక్కెట్లో పోసేది. చివరి రెండు బిళ్ళలు ఒక్కొక్కటే వేస్తూ ముల్లు వంక చూసేది. ముల్లు ఆగాక ఇంకొకటి వేసి “నీకే, లవ్” అనేది. ఆ ఒక్క బిళ్ళ కోసం నేను కిలోమీటరు నడిచేదాన్ని. జెల్లీ మిఠాయిల్లో పశువుల ఎముకల నుంచి తీసిన జెలటిన్ ఉంటుందని మాకు చెప్పింది ఆమే. అమ్మ ఒకసారి మేం ఆవుమాంసం తినమంది, అంతే. తర్వాత నేను వేలు పెట్టి చూపించిన సీసా ఏదైనా ముందు దాని చీటీ చదివి, ఆ తర్వాతే మూత తీసేది.

కూరగాయల కొట్టాయన కింది వరస బుట్టలు ఎప్పుడూ ఖాళీగా ఉంచేవాడు. మొదట్లో ఎందుకో తెలిసేది కాదు. ఒకరోజు నా కళ్ళముందే ఒక తెల్లగుర్రం మెడ చాచి రెండో వరసలోంచి క్యాబేజీ లాక్కుని, దర్జాగా రోడ్డు దాటింది. ఆయన వెంటపడలేదు. గడప పక్కనే బాల్చీ, పార పెట్టుకునేవాడు. పేడ పడితే ఎత్తి, గులాబీ మొక్కలున్న ముసలమ్మలకి ఉత్తినే ఇచ్చేవాడు.

ఆ కొట్టాయనే మాకు పచ్చిమిరపకాయలు తెప్పించాడు. 1982 నాటికి ఆ ఊళ్ళో పచ్చిమిరపకాయ చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? వాటి కోసం నెలకోసారి సౌతాంప్టన్ వెళ్ళాల్సి వచ్చేది. అమ్మ తన వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. ఆయనకి అర్థం కాక కాగితం ఇచ్చి బొమ్మ గీయమన్నాడు. అమ్మ గీసింది, పక్కన కొత్తిమీర కట్ట కూడా గీసింది. రెండు వారాల తర్వాత శుక్రవారం నాడు కౌంటరు కింది నుంచి గోధుమరంగు కాగితం సంచీ తీసి చేతిలో పెట్టాడు. పైన పెన్సిలుతో “డాక్టర్స్ వైఫ్” అని రాసుంది. అప్పటి నుంచి పన్నెండేళ్ళు, శుక్రవారం శుక్రవారం ఆ సంచీ. మధ్యలో అమ్మ పేరు నేర్చుకుని, డాక్టర్స్ వైఫ్ తీసేసి, ఆ పేరు తప్పుల్లేకుండా రాసేవాడు. ఆయన నాలుగు గుర్రాల కామనర్ అని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఊరు మమ్మల్ని ఎత్తుకుని ముద్దాడిందని చెప్పను. బస్టాపుల్లో విన్న మాటలు విన్నాం. కానీ ఆ ఊరికి మనవాళ్ళు కొత్త కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడ్డ భారతీయ సైనికులకి అక్కడ ఆసుపత్రి నడిచింది. ఒక వీధి పేరు ఇప్పటికీ మీరట్ రోడ్. సెయింట్ నికొలస్ చర్చి ఆవరణలో సుఖా అనే పాకీపనివాడి సమాధి ఉంది. 1915 జనవరిలో చనిపోయాడు. కులం తక్కువని దహనానికి హిందువులు ఒప్పుకోలేదనీ, ఖననానికి ముస్లింలు ఒప్పుకోలేదనీ, చివరికి ఈ ఊరి చర్చి ఫాదరీ చోటిచ్చాడనీ చెబుతారు. రాయి నిలబెట్టింది ఊరివాళ్ళని ఆ రాతి మీదే ఉంది. నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు.

సరే, ఆ వీధి ఏమైంది? ఒక్కసారిగా ఏమీ కాలేదు. కారున్నవాళ్ళు సరుకులకి ఊరి బయట పెద్ద సూపర్‌మార్కెట్లకి వెళ్ళడం మొదలెట్టారు. మేమూ వెళ్ళాం. నాన్న శనివారం శనివారం డిక్కీ నింపుకొచ్చేవాడు. 1994లో ఆదివారాలు కూడా పెద్ద షాపులు తెరవచ్చని చట్టమొచ్చింది. కూరగాయల కొట్టాయన ఆ తర్వాత రెండేళ్ళు లాగాడు. ఇంకోపక్క ఇళ్ళు. 1980 చట్టంతో కౌన్సిల్ ఇళ్ళు, అంటే స్థానిక ప్రభుత్వం అద్దెకిచ్చే ఇళ్ళు, వాటిలో అద్దెకున్నవాళ్ళే కొనుక్కోవచ్చన్నారు. కొన్నవాళ్ళు తర్వాత అమ్ముకున్నారు, వాళ్ళని తప్పుపట్టను. 2005లో న్యూ ఫారెస్ట్ నేషనల్ పార్కయింది. అడవికి మంచిదే జరిగింది. కానీ లండన్ డబ్బు కూడా వచ్చింది. సెలవుల ఇళ్ళు, వారాంతాల అద్దె ఇళ్ళు. మా ఎదురింటాయన లాంటి గుమాస్తా ఇవాళ ఆ ఊళ్ళో ఇల్లు కొనడమన్నది కలలో మాట. కామనర్ ఇల్లు సెలవుల ఇల్లయితే దాన్ని అంటిపెట్టుకున్న హక్కు అలా నిద్రపోతూ ఉంటుంది. దొడ్లో గడ్డి మాత్రం మిషను పెట్టి నున్నగా కొట్టిస్తారు.

అన్ని కొట్లూ పోలేదు. రొట్టెలూ మాంసమూ ఇప్పటికీ దొరుకుతాయి. కానీ మేకులు తూచిచ్చే చోట ఇప్పుడు గుర్రం బొమ్మలున్న మగ్గులు, గుర్రం బొమ్మలున్న దిండు గలేబులు. వాటి యజమానులు చెడ్డవాళ్ళు కారు, వాళ్ళూ అద్దె కట్టుకోవాలి. సందర్శకుల డబ్బు లేకపోతే ఆ మాత్రం వీధి కూడా ఉండదని వాళ్ళు అంటారు. అది నిజమే, కాదనను. నా వాదన సందర్శకులు రావద్దని కాదు. ఎలా వస్తున్నారన్నది నా బాధ.

మొన్న ఆగస్టులో అమ్మని తీసుకుని వెళ్ళాను. కారు దిగగానే తెలుగు వినపడింది. ప్రాణం లేచొచ్చింది. రెండు కుటుంబాలు, రెడింగ్ నుంచి వచ్చారట. ఐదేళ్ళ పిల్లవాడి చేతిలో క్యారెట్, తండ్రి చేతిలో ఫోను, తల్లి “భయం లేదు నాన్నా, పెట్టు పెట్టు” అంటోంది. గుర్రం చెవులు వెనక్కి మడిచింది. చెవులు వెనక్కి వెళ్ళాయంటే తర్వాత వచ్చేది పళ్ళో, వెనక కాళ్ళో. నేను పరిగెత్తి పిల్లవాణ్ణి పక్కకి లాగాను. తండ్రికి కోపం వచ్చింది. రావడం సహజమే. “అడవి గుర్రానికి తిండి పెడితే మీకేంటండీ?” అన్నాడు.

2023 జులైలో అక్కడ గుర్రాలకి తిండి పెట్టడం, నిమరడం నిషేధించారు. పట్టుబడితే 100 పౌండ్ల జరిమానా అన్నారు. బోర్డులున్నాయి. ఎవరూ చదవరు. చదివినవాళ్ళు కూడా, ప్రేమగా పెడితే నేరమా అంటారు. వాట్సాప్ గ్రూపుల్లో ఆ ఫొటోలు ఎన్ని చూశానో. వాళ్ళ మనసు నాకు తెలియనిది కాదు, అది మా అమ్మ మనసే. అందుకే చెప్పే బాధ్యత నామీద ఉందనుకుంటాను. క్యారెట్‌కి అలవాటుపడి పిల్లల్ని కరిచే గుర్రాన్ని యజమాని అడవి నుంచి తీసేయక తప్పదు. కారు ఆగితే తిండి దొరుకుతుందనుకునే గుర్రం కారు ముందుకే వస్తుంది. కంచె లేని రోడ్ల మీద గంటకి 40 మైళ్ళు దాటకూడదని ఎప్పటినుంచో నియమం. అయినా ఏటా పదుల కొద్దీ పశువులు చస్తూనే ఉన్నాయి. మీ పిల్లవాడి నిమిషం సరదాకి అవతల లెక్క అది.

ప్రేమ చూపించాలనుంటే దారి ఉంది. ఇంటి నుంచి డబ్బాలు కట్టుకుని, దారిలో సూపర్‌మార్కెట్లో క్యారెట్లు కొనుక్కుని రావద్దు. ఆ వీధిలో రొట్టె కొనండి, గుడ్లు కొనండి, ఆ అడవిలో మేసిన పశువుల మాంసం అమ్ముతారు, తినేవాళ్ళు అది కొనండి. కౌంటరు వెనకున్న మనిషికి గుర్రాలున్నాయేమో అడగండి. ఉంటే ఆ ముఖం వెలిగిపోవడం చూస్తారు. పొద్దుగూకాక మెల్లగా నడపండి. గుర్రాన్ని పది అడుగుల దూరం నుంచి చూడండి. దాని పై పెదవి మీద మీసాల్లాంటి వెంట్రుకలుంటాయి, ముళ్ళ గోర్స్ తినేటప్పుడు పనికొస్తాయి. తోక ఎక్కడ కత్తిరించారో చూపించి, ఎందుకో మీ పిల్లలకి చెప్పండి. క్యారెట్ కంటే అది వాళ్ళకి ఎక్కువ రోజులు గుర్తుంటుంది, నాకు నలభై ఏళ్ళు గుర్తుంది.

రెడింగ్ నాన్నకి ఇదంతా నేను చెప్పలేకపోయాను. అమ్మ చెప్పింది. వాళ్ళు ఏ ఊరివాళ్ళో కనుక్కుని, పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని, మెంతికూర కథ చెప్పింది. ఆ తండ్రి మెత్తబడి, గుర్రానికి యజమాని ఉంటాడా ఆంటీ అన్నాడు. ఉంటాడు నాయనా, అంది అమ్మ.

తిరిగొస్తూ మా పాత వీధి చివర ఎదురింటాయన మనవరాలు కనిపించింది. పెద్దాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆమె తండ్రి ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు, కాబట్టి హక్కు ఉంది, గుర్రాలున్నాయి. ఆమె మాత్రం సౌతాంప్టన్‌లో అద్దెకుంటుంది. ఊళ్ళో దొరకదు. పనికెళ్ళే ముందు ఒకసారి, పని అయ్యాక ఒకసారి కారేసుకొచ్చి లెక్క చూసుకుంటుంది. తండ్రికి మోకాళ్ళు నడవనివ్వవు. ఇది ఎన్నేళ్ళు చెయ్యగలవని అడగబోయి ఊరుకున్నాను. ఆమె కళ్ళు మా మీద లేవు, మా వెనక మైదానం మీద ఉన్నాయి. ఐదుండాలట, నాలుగే కనపడుతున్నాయట. ఇక ఉంటానని చెప్పి, బూట్లు మార్చుకుని, హెదర్ పొదల్లోకి నడిచి వెళ్ళిపోయింది.

రాత్రి పదింటికి అమ్మ ఫోను. “ఆ ఐదోది దొరికిందేమో కనుక్కో” అంది.

దొరికిందట. వాగు అవతల హోలీ చెట్ల కింద, ఒక్కతే నిలబడి ఉందట.